కౌంటరక్క రాసిన తప్పు చోటు

బస్టాండులో టికెట్ల కిటికీకీ, సామాన్లు దాచుకునే గదికీ మధ్య ఒక గాజు గది ఉంది. లోపల ఒక మనిషి కూర్చుంటే ఇంకో మనిషి నిలబడటానికి చోటుండదు. పైన 'పర్యాటక సమాచారం' అని బోర్డు. ఆ గాజుకు చేసిన అర్ధచంద్రపు కంత వెనక ఇరవై రెండేళ్ళుగా ఒకే మనిషి కూర్చుంటోంది. ఆమె అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా లేదు. డ్రైవర్లకూ, కండక్టర్లకూ, టీకొట్టు ముసలాయనకూ, చివరికి ఆమె మేనేజరుకూ కూడా ఆమె కౌంటరక్కే.

ఊరి చుట్టూ ఒక్క రోజులో తిరిగి రాగలిగినంత దూరంలో ఏ జంతువు ఎక్కడుంటుందో, ఏ వేళకు బయటికొస్తుందో కౌంటరక్కను అడిగితే చాలు. కళ్ళు మూసుకుని చెప్పేది.

"నీటికుక్కలా? రెండో వంతెన దాటగానే ఎడమ గట్టున దిగండి. ఏరు వంపు తిరిగే చోట. ఆరుంబావుకల్లా అక్కడుండాలి. ఏడు దాటిందంటే చేపల పడవలొస్తాయి, అవి బొరియల్లోకి దూరిపోతాయి. జింకలకి తొందర లేదు, ఎండ తగ్గాక గడ్డిబీడు పడమటి అంచుకి వెళ్ళండి. తెల్ల చొక్కా మాత్రం వేసుకోకండి."

ఇంత చెప్పే మనిషి ఆ జంతువుల్లో ఒక్కదాన్ని కూడా కంటితో చూడలేదంటే ఎవరూ నమ్మరు. కానీ నిజం అదే. ఆమెకు బండి పడదు. బస్సయినా, కారయినా, ఎక్కిన పావుగంటకే కడుపులో తిప్పడం మొదలు. పెళ్ళయి అత్తవారింటికి వస్తున్న రోజు కారు ఏడుసార్లు ఆపాల్సి వచ్చింది. ఆ ఏడు చోట్లూ ఎక్కడెక్కడో అత్తగారు ఈనాటికీ వరసగా చెప్పగలదు. అందుకే ఆఫీసుకూ ఇంటికీ మధ్య నడక తప్ప కౌంటరక్కకు వేరే ప్రయాణం లేదు.

మరి ఇవన్నీ ఎలా తెలిశాయంటే, అడిగి తెలుసుకుంది. యాత్ర వ్యాను సాయంత్రం తిరిగి రాగానే గాజు గదిలోంచి బయటికొచ్చి, దిగేవాళ్ళ దారికి అడ్డం నిలబడేది. ఎక్కడ చూశారు, ఎన్ని చూశారు, గాలి ఎటుంది, ఎంతసేపున్నాయి? ఇళ్ళకు పోవాలని తొందరపడే జనాన్ని ఆపి మరీ గుచ్చి గుచ్చి అడిగేది. చేపలవాళ్ళనూ, గడ్డి కోసేవాళ్ళనూ, పిండిమర కాపలాదారునూ వదిలేది కాదు. అలా నాలుగు లావుపాటి నోటుబుక్కులు నిండాయి. ఆఫీసు పంచే కరపత్రం ఆమె రాసిందే. ఏ రోజుకారోజు డ్రైవరు చేతికిచ్చే ట్రిప్పు చీటీ, అంటే మొదట ఎక్కడికి వెళ్ళాలి, తర్వాత ఎక్కడికి, ఏం చూడాలి అనేది, అదీ ఆమె రాసిందే. కౌంటరు పక్కన దారానికి వేలాడే అభిప్రాయాల పుస్తకంలో "సమాచారం ఇచ్చినావిడకు కృతజ్ఞతలు" అన్న వాక్యం నెలకు రెండు మూడుసార్లయినా కనపడేది. ఆ పూట ఇంటికి కొంచెం మెల్లగా, చుట్టూ చూసుకుంటూ నడిచి వెళ్ళేది.

పాత డ్రైవరు రిటైరయ్యేదాకా ఆమె జీవితంలో కుళ్ళుకోవడానికి ఏమీ లేదు.

ఆమె తోడికోడలు, మరిది భార్య, తొమ్మిదేళ్ళు బేకరీ వాళ్ళ రొట్టెల వ్యాను నడిపింది. తెల్లవారకముందే లేచి సందుసందుకూ రొట్టెలు దించి వచ్చేది. ఆ బేకరీ మూతపడింది. ఇంటి పైభాగంలో ఉండే ఆ చిన్నామె దిగులుగా మెట్ల మీద కూర్చుని ఉంటే చూడలేక కౌంటరక్కే అంది.

"మా ఆఫీసులో వ్యానుకి మనిషి కావాలట. నీకు చేతనైన పనే కదా, ఒకసారి వచ్చి అడుగు."

"నన్ను తీసుకుంటారా అక్కా?"

"నేను చెప్తాగా."

చెప్పింది. మేనేజరు తీసుకున్నాడు. ఆ రోజు తన నోరెందుకు ఊరుకోలేదా అని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

పాత డ్రైవరు జనాన్ని దింపి సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోయే రకం. చీటీలో నాలుగు చోట్లుంటే జనం ఒక చోట ఏదో తోక చూసి తృప్తిపడి వచ్చేవాళ్ళు. వ్యానమ్మ (వారం తిరక్కుండానే బస్టాండంతా చిన్నామెకు ఆ పేరు పెట్టేసింది) వచ్చాక నాలుగింటికి నాలుగూ కనపడటం మొదలైంది. నీటికుక్క తన పిల్లలకు ఈత నేర్పడం చూశామన్నారు. పిండిమర పైకప్పులో గుడ్లగూబలు, ఉప్పునీటి బురదలో వందల కొంగలు, దారిలో కొసరుగా ఒక నక్క. వ్యాను దిగేవాళ్ళ మొహాలు వెలిగిపోయేవి. కౌంటరక్క అడ్డం నిలబడి అడిగితే, "అదంతా ఆ డ్రైవరమ్మ గొప్పండీ, ఆమెనడగండి" అని చెప్పి పోయేవాళ్ళు.

అభిప్రాయాల పుస్తకం నిండింది. కొత్తది కొన్నారు. అదీ సగానికొచ్చింది. ప్రతి పేజీలోనూ డ్రైవరే. ఎవరో అయితే "ఆమె చేతిలో ఏదో మహిమ ఉంది" అని రాసి కింద గీత గీశారు. కౌంటరక్క ఆ పేజీని బొటనవేలితో గట్టిగా నొక్కి తిప్పేసింది. మహిమట. చీటీ రాసిందెవరు?

ఇదంతా ఆఫీసు గోడల మధ్యే ఉండి ఉంటే భరించేదేమో. ఇంట్లో అత్తగారు ఉంది. పదకొండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. అప్పట్నుంచి కింది భాగంలో కిటికీ పక్క కుర్చీయే ఆమె లోకం. స్నానం, మాత్రలు, తల దువ్వడం, పక్క మార్చడం, అన్నీ కౌంటరక్కే. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. అలాంటి అత్తగారు ఇప్పుడు సాయంత్రం అయిదు దాటగానే మెడ మెట్లవైపు తిప్పేది.

"చిన్నది వచ్చిందా?"

"ఇంకా రాలేదు అత్తయ్యా."

"ఏం చూసిందో ఇవాళ!"

చిన్నామె బూట్లకు బురదతోనే లోపలికొచ్చి నేలమీద చతికిలబడేది. నీటికుక్క చేపను రెండు చేతులతో పట్టుకుని ఎలా తింటుందో నోరు ఆడించి చూపించేది. నోటి ఒక పక్కే కదిలే ముసలావిడ ఆ పక్కతోనే పడీపడీ నవ్వేది. పదకొండేళ్ళలో తనెప్పుడైనా ఆమెను అలా నవ్వించిందా అని వెతుక్కుంది కౌంటరక్క. గుర్తుకు రాలేదు.

ఒకరోజు చిన్నామె రావడం ఆలస్యమైంది. ఇదే సందు అనుకుని కౌంటరక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. మగజింకకు కొమ్ములు ఏటా రాలి మళ్ళీ ఎలా మొలుస్తాయో, కొత్త కొమ్ము మీద మెత్తని తోలు ఎలా ఉంటుందో, అది పోవడానికి చెట్లకెలా రుద్దుకుంటుందో, నాలుగు నోటుబుక్కుల సారమంతా చెప్పింది. అత్తగారు శ్రద్ధగానే విన్నది. విని, మెల్లగా అడిగింది.

"నువ్వు చూశావా?"

"లేదు."

"ఆహా" అని అత్తగారు మళ్ళీ మెట్లవైపు తిరిగింది.

ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదు. ఊరికే అడిగింది. కానీ ఆ "ఆహా" కౌంటరక్క గొంతులో చేపముల్లులా దిగింది. వారం రోజులు మింగుడుపడలేదు.

తర్వాత పత్రిక వచ్చింది. ప్రయాణాల గురించి రాసే ఒక మాసపత్రికలో రెండు పేజీలు. వ్యాను తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డ చిన్నామె ఫొటో. పైన పెద్ద అక్షరాలతో ఆమె అన్న మాట: "మనం నక్కను వెతకడం మొదలుపెట్టేసరికే అది మనల్ని చూసి వెళ్ళిపోయి ఉంటుంది."

కౌంటరక్క టీగ్లాసు కింద పెట్టింది. ఆ వాక్యం తనది. మూడు నెలల కిందట ఒక ట్రిప్పు చీటీ చివర, చోటు మిగిలిందని, ముచ్చటపడి రాసింది. ఇంటికెళ్ళి భర్తకు చూపించింది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. కంటికి బిగించుకున్న అద్దం తియ్యకుండానే పత్రిక చూశాడు.

"బాగుందే! మన ఇంటి మనిషేగా."

"ఆ మాట నాది."

"ఎవరిదైతే ఏముంది, ఇంట్లోదే" అని మళ్ళీ గడియారం ముళ్ళమీద పడ్డాడు.

సాయంత్రం మెట్ల దగ్గర చిన్నామెను నిలేసింది. "ఆ నక్క మాట నీదేనా?"

"ఏ నక్క? ఓ, అదా! నీ చీటీలోదే అక్కా. ఆ పత్రికాయన ఏదేదో అడుగుతుంటే టక్కున గుర్తొచ్చి అనేశా. భలే ఉంది కదా?"

నా పేరు చెప్పావా అని అడగాలనుకుంది. అడిగితే చిన్నబుచ్చుకున్నట్టు తెలిసిపోతుంది. "ఊఁ, ఉంది" అని వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

పదిరోజులకు పక్షులు చూసే సంఘం వాళ్ళట, దూరపు నగరం నుంచి ఏడుగురు దిగారు. పత్రిక చదివి వచ్చారు. కౌంటరక్క అలవాటు ప్రకారం కరపత్రం తీసి వేలు పెట్టి చూపించబోతుంటే, మెడలో పెద్ద కెమెరా వేలాడేసుకున్న ఒకావిడ నవ్వి చెయ్యి అడ్డం పెట్టింది.

"మీకెందుకండీ శ్రమ. డ్రైవరుగారికి అన్నీ తెలుసటగా."

కరపత్రం కంతలోంచి వెనక్కొచ్చింది. కౌంటరక్క ఒళ్ళంతా భగ్గుమంది. వాళ్ళు వెళ్ళాక చాలాసేపు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. తర్వాత మర్నాటి ట్రిప్పు చీటీ తీసి, ఎప్పటిలాగే గుండ్రటి అక్షరాలతో రాసింది.

'మొదటి చోటు: ఉత్తరాన పాత సున్నపురాయి క్వారీ. ఉదయం ఆరు. రెండు గంటలు కదలకుండా ఉండాలి.'

కింద రెండు గీతలు గీసింది.

ఆ క్వారీ మూతపడి పదిహేనేళ్ళయింది. నాలుగు నోటుబుక్కుల్లో దాని ఊసే లేదు. అక్కడ ఒక కాకిని చూశామని కూడా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఏ జంతువూ ఉండదని అంత నమ్మకంగా తెలిసిన చోటు కాబట్టే రాసింది. మహిమ ఉంటే చూపించమను!

మర్నాడు అరగంట ముందే ఆఫీసుకొచ్చింది. ఎనిమిదికి, ఇప్పుడు ఆ కెమెరా ఆవిడ గడియారం చూసుకుంటూ ఉంటుంది అనుకుంది. తొమ్మిదికి, గొణుగుడు మొదలై ఉంటుంది అనుకుంది. పదకొండుకల్లా చిన్నామె బిక్కమొహం కళ్ళకు కట్టినట్టు కనపడి లోపల హాయిగా అనిపించింది. ఆ హాయికి కాస్త సిగ్గేసింది కూడా. అయినా హాయి హాయే.

మధ్యాహ్నం ఒకటిన్నరకు వ్యాను వచ్చింది. ఆగీ ఆగకముందే ఏడుగురూ దూకి గాజు గది మీదికి పరుగెత్తుకొచ్చారు. కౌంటరక్క కుర్చీలో బిగుసుకుపోయింది. కెమెరా ఆవిడ కంతలోంచి కెమెరాను లోపలికి తోసేసింది.

"చూడండి, చూడండి! మీరు బంగారమండీ!"

చిన్న తెరమీద రాతి అరుగు. అరుగు మీద చంటిపిల్లంత పెద్ద గుడ్లగూబ. చెవుల దగ్గర కొమ్ముల్లా నిలబడ్డ ఈకలు, నిప్పుకణికల్లాంటి కళ్ళు. దాని కాళ్ళ దగ్గర దూదిఉండల్లాంటి రెండు పిల్లలు.

"ఈ చుట్టుపక్కల ఈ రకం ఉందని ఎవరికీ తెలీదండీ! మీకెలా తెలిసింది? మీ చీటీలో ఉందని డ్రైవరుగారు చెప్పారు."

కౌంటరక్కకు వాళ్ళ భుజాల మీదుగా చిన్నామె కనపడింది. వ్యానుకు ఆనుకుని నీళ్ళ సీసా గటగటా ఖాళీ చేస్తోంది. మోచేతుల దాకా సున్నం. వ్యాను పక్కరేకు మీద కొత్త గీత. ఇటు చూడలేదు.

మేనేజరు పరుగున వచ్చాడు. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు మేడం ఈ సంగతి? ఎవరు చెప్పారు?"

"ఎవరో... గొర్రెలు కాసేవాళ్ళు చెప్పారు సార్."

ఆరు నెలల తర్వాత మొదటిసారి అభిప్రాయాల పుస్తకంలో కౌంటరు గురించి ఒక పేజీ పడింది. దాన్ని అయిదారుసార్లు చదివింది. ఒక్కసారీ రుచించలేదు. సంతోషం రాకపోగా కడుపుమంట రెండింతలైంది. నిజాలు రాసిచ్చినన్నాళ్ళూ పేరు దానికే. చివరికి అబద్ధం రాసిచ్చినా అది దాని దోసిట్లో పువ్వయి పడాలా? ఆ బండలో గూబను పుట్టించిన దేవుడెవరో గానీ, వాడు కూడా చిన్నదాని పక్షమే!

మేనేజరు ఊరుకోలేదు. కొత్త కరపత్రంలో క్వారీ మొట్టమొదట ఉండాలన్నాడు. శుక్రవారానికల్లా ఒక పేరా రాసిమ్మన్నాడు. కౌంటరక్క కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక్క ముక్క రాలేదు. గూబలు ఏ మూల ఉంటాయి, ఎటునుంచి చూడాలి, ఏమీ తెలియదు. తెలిసిన మనిషి ఇంట్లోనే, పైన ఉంది. రెండు సాయంత్రాలు మెట్ల దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. మూడోనాడు ఎక్కింది.

"ఆ క్వారీలో గూబ ఎక్కడుందో కాస్త చెప్పు. రాయాలి."

చిన్నామె బట్టలు మడత పెడుతోంది. తలెత్తకుండానే అంది. "చెప్తే రాదక్కా అది. రేపు ట్రిప్పు లేదు. రా, చూపిస్తా."

"నాకు బండి పడదని తెలుసుగా."

"కిటికీ పక్కన కూర్చో. కవర్లు నేను తెస్తా."

ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి గొంతు పొడిగా ఉంది. కౌంటరక్కకు కాదనడానికి ధైర్యం చాలలేదు.

వెలుగు రాకముందే బయల్దేరారు. దారిలో రెండుసార్లు కవరు పని పడింది. చిన్నామె రెండుసార్లూ బండి మెల్లగా ఆపి, నీళ్ళ సీసా అందించి, మాట్లాడకుండా మళ్ళీ నడిపింది. క్వారీకి ఇంకా చాలా దూరం ఉండగానే ఇంజను ఆపేసింది.

"ఇక్కణ్ణుంచి నడవాలి."

దారి కొండ చుట్టూ తిరిగింది. ఒక మలుపులో చిన్నామె ఆగి, వేలితో కిందికి చూపించింది. దారి వెలుపలి సగం విరిగి లోయలోకి జారిపోయింది. మిగిలిన సగం అంచున, ఎండిపోయిన సున్నపు బురదలో టైరు జాడ ఒకటి ఉంది. జాడ అంతా లేదు. సగమే ఉంది. మిగతా సగం ఉండాల్సిన చోట గాలి.

"ఆ రోజు చీకటింకా పోలేదు. లైట్ల వెలుగులో దారి ఉన్నట్టే కనపడింది" అంది చిన్నామె. "బండి ఒకపక్కకి ఒరిగింది. వెనక ఏడుగురు ఫొటోల గురించి కబుర్లాడుకుంటున్నారు. నేను మాట్లాడలేదు. రివర్సులో అంత దూరమూ వెనక్కి తెచ్చా. ఇక్కణ్ణుంచి నడక అని చెప్పా. ఏదో సరదా అనుకున్నారు."

కౌంటరక్క కొండరాయి పట్టుకుంది.

"గొర్రెలు కాసేవాళ్ళు చెప్పారటగా నీకు? ఇక్కడ గడ్డిపరక లేదక్కా, గొర్రెలెందుకొస్తాయి? నాకు ఆ రోజే తెలిసింది."

దాచడానికి ఇంక ఏమీ మిగల్లేదు. "కుళ్ళు" అంది కౌంటరక్క. "నీ మీద కుళ్ళుతో రాశాను. దారి విరిగిందని మాత్రం తెలీదు. అత్తయ్య మీద ఒట్టు, తెలీదు."

"నన్ను చూసి కుళ్ళుకోవడానికి ఏముంది నా దగ్గర?"

"అందరూ నిన్నే అడుగుతారు. అత్తయ్య నిన్నే అడుగుతుంది. అంతా రాసింది నేను. ఒళ్ళు హూనమయ్యేలా చాకిరీ చేసింది నేను. అడిగేది మాత్రం నిన్ను!"

చిన్నామె దారి అంచున ఉన్న రాయిని కాలితో లోయలోకి తోసింది.

"దానికి నేనేం చెయ్యను అక్కా? అడిగితే చెప్పకుండా ఉండనా?" అని, తర్వాత గొంతు పెంచింది. "నా మీద కోపముంటే నన్ను తిట్టు. చెంప పగలగొట్టు. నా బండెక్కినవాళ్ళ జోలికి రాకు. ఇంకోసారి ఇలా చేశావో, అక్కా లేదు ఎవరూ లేరు, కౌంటరు ముందు నిలబడి బస్టాండంతా వినేలా అడుగుతా."

"చెయ్యను."

"సరే పద. వచ్చాం కదా."

మలుపు తిరిగాక క్వారీ కనపడింది. తెల్లగా, నిటారుగా, ఖాళీగా. ఆ రోజు అక్కడికొచ్చి చూస్తే ఏమీ లేదట. జనం సణగబోతుంటే చిన్నామె గోడల వెంట నడిచి ఒక చోట రాతిమీద రెట్ట చారికలు చూసిందట. కింద వెతికితే గూబ తిని కక్కిన ఎలుక ఎముకల ఉండలు దొరికాయట.

"సున్నంలో చారికలు నీకెలా తెలిశాయి? అంతా తెలుపే కదా" అంది కౌంటరక్క.

"పిండిమర గూబల చీటీలో నువ్వే రాశావు. గోడమీద చారికలు నిగనిగలాడుతుంటే తాజావి, పైకి చూడు అని. పైకి చూశా."

ఒక బండ వెనక కూర్చున్నారు. మొదటి అరగంట కౌంటరక్కకు కాలు తిమ్మిరెక్కింది, ముక్కు దురద పెట్టింది, దగ్గొచ్చింది. చిన్నామె మాత్రం రాయిలా కదలకుండా ఉంది. బిస్కెట్టు పొట్లం తియ్యబోతే చప్పుడని చేత్తో ఆపింది. ఎండ గోడమీదికి దిగుతుంటే దానితోపాటు ఆమె చూపు కూడా అంగుళం అంగుళం దిగింది. కళ్ళకు అలసటే లేదా దీనికి, అనుకుంది కౌంటరక్క. మహిమ అని రాసినవాళ్ళను తీసుకొచ్చి ఇక్కడ గంట కూర్చోబెట్టాలి. ఇది మహిమ కాదు, పని. తనకు రాని పని. అది తెలియడం కుళ్ళును తగ్గించలేదు, ఇంకో రకంగా గుచ్చింది.

చిన్నామె ఆమె మోకాలి మీద వేలితో తట్టింది. కౌంటరక్క చూసింది. ఏమీ లేదు, రాయి. మళ్ళీ తట్టింది. రాయే. ఇక్కడ కూడా దానికే ముందు కనపడాలా అనుకుంటుండగా రాయి కళ్ళు తెరిచింది.

అంత పెద్ద కళ్ళు. అంత ఎర్రగా. కెమెరా తెరమీద చూసింది వేరు, ఇది వేరు. అది నేరుగా తననే చూస్తోంది. పక్కనున్న తోడికోడల్ని కాదు, తనను. దాని రెక్క కిందనుంచి ఒక దూదిఉండ తల బయటపెట్టి, నోరంతా తెరిచి ఆవులించింది. కౌంటరక్కకు నవ్వొచ్చింది. చప్పుడు కాకూడదని చీర చెంగు నోట్లో కుక్కుకుంది. కళ్ళవెంట నీళ్ళు కారాయి. అవి నవ్వుకో, మలుపు దగ్గర చూసిన సగం జాడకో ఆమెకే తెలియలేదు.

ఆ సాయంత్రం చిన్నామె వ్యాను కడుగుతూ ఆగిపోతే కౌంటరక్క ముందే ఇల్లు చేరింది. అత్తగారి ఎదుట కూర్చుని చెప్పింది. కళ్ళు తెరిచిన రాయి గురించి, ఆవులింత గురించి. ముసలావిడ ఒకవైపు నోరు తెరుచుకుని విన్నది. "పిల్లలెన్ని?" అంది. "రెండు" అంది కౌంటరక్క. ఎంత సంతోషంగా చెప్పిందో! అంతలో చిన్నామె లోపలికొచ్చింది. అత్తగారు మెడ తిప్పింది.

"ఏమే, గూబకి పిల్లలు రెండేనా?"

కౌంటరక్క లేచి మాత్రలు తీసుకురావడానికి వెళ్ళింది. "అక్క చెప్పాక మళ్ళీ నన్నడుగుతారేంటి అత్తయ్యా" అన్న చిన్నామె మాట వెనకనుంచి వినపడింది. ఆ మాటకి కూడా కౌంటరక్కకు ఒళ్ళు మండింది. ఒకరి సిఫార్సు మీద నమ్మాలా తన మాట!

శుక్రవారం మేనేజరు పేరా అడిగాడు. ఆమె ఖాళీ కాగితం బల్లమీద పెట్టింది.

"ఆ చోటు వెయ్యకూడదు సార్. దారి విరిగిపోయింది. పైగా జనం ఎగబడితే గూబ పిల్లల్ని వదిలేసి పోతుంది."

"మరి మీరే కదా మేడం చీటీలో రాశారు?"

"అబద్ధం రాశాను. నాకెవరూ చెప్పలేదు. మా తోడికోడలి ట్రిప్పు పాడవ్వాలని రాశాను."

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన సర్వీసులో ఇలాంటి జవాబు విని ఉండడు. మెమో ఇచ్చాడు. మూడు నెలలపాటు ట్రిప్పు చీటీలు రాయడం ఆమె దగ్గర్నుంచి తీసేసి తనే రాయడం మొదలుపెట్టాడు. ఆయన జింకల్ని చూడటానికి జనాన్ని మిట్టమధ్యాహ్నం గడ్డిబీడుకు పంపాడు. నీటికుక్కల్ని ఎనిమిదింటికి పెట్టాడు. చిన్నామె తనకు తెలిసినంత సర్దుకొచ్చింది గానీ, ఏ వారం ఏవి ఎటు జరిగాయో అడిగి రాసుకునే ఓపిక ఆమెకు లేదు. ఒక వారం కొంగలు కూడా కనపడలేదు. మూడు నెలలు నిండకముందే చీటీల కట్ట మెల్లగా కంతలోంచి గాజు గదిలోకి తిరిగొచ్చింది. మెమో మాత్రం ఫైల్లోనే ఉంది. క్వారీ దారికి అడ్డంగా రాళ్ళు పేర్చి బోర్డు పెట్టారు. గూబల పిల్లలు రెక్కలొచ్చి ఎటో వెళ్ళాయి. తల్లి అక్కడే ఉందో లేదో ఆ ఇంటివాళ్ళు ఎవరికీ చెప్పరు.

కౌంటరక్క ఇప్పుడు నెలకు రెండుసార్లు వ్యానులో వెళుతుంది, కవరుతో సహా. ఆమెకు కుళ్ళు పూర్తిగా పోయిందని చెబితే అది కూడా తప్పు చీటీ అవుతుంది. అభిప్రాయాల పుస్తకంలో డ్రైవరు పేరు చూసినప్పుడు ఇప్పటికీ పేజీని కొంచెం గట్టిగానే తిప్పుతుంది.

మొన్నొక రోజు ఉప్పునీటి బురద దగ్గర చిన్నామె జనాన్ని గట్టుమీద నిలబెట్టి కొంగల్ని చూపిస్తోంది. కౌంటరక్క కడుపు కుదుటపడటానికి వ్యాను వెనక రాతిమీద కూర్చుంది. పొదలోంచి ఒక ముంగిస బయటికొచ్చింది. దాని వెనక ఒకటి, రెండు, మూడు, నాలుగు పిల్లలు, ఒకదాని తోక వెనక ఇంకోటి. ఆమె చెప్పుల ముందునుంచే దారి దాటాయి. చివరిది ఆగి, ఆమె చెప్పు వాసన చూసి, తుమ్మి, పరుగెత్తింది.

పిలిస్తే చిన్నామెకు వినపడే దూరమే. కౌంటరక్క పిలవలేదు. పొద కదలడం ఆగేదాకా కూర్చుని, సంచిలోంచి అయిదో నోటుబుక్కు తీసి, తేదీ వేసి రాసుకుంది.